పదహారు గ్లాసుల వాన

ఆ రోజు కురిసిన వాన మూడువందల ముప్పై ఒకటి పాయింట్ ఆరు మిల్లీమీటర్లు. ఆఫీసు పుస్తకంలో ఏడు పాయింట్ నాలుగు అని ఉంది. పందొమ్మిదేళ్ళుగా అలాగే ఉంది. తప్పు ఆఫీసుది. ఇందులో చర్చించడానికి ఏమీ లేదు, అతను ఎవరితోనూ చర్చించలేదు కూడా. చెప్పాడంతే. బస్సులో పక్క సీటువాడికి చెప్పాడు, మంగలికి చెప్పాడు, కొత్తల్లుడు ఇంటికొచ్చి చెప్పులు విప్పేలోపల చెప్పాడు. మా ఇంటావిడ కొలిచిన వానను ఆఫీసువాళ్ళు కొట్టేశారు.

ఇవాళ ఆ ఆఫీసులోనే రెండో అంతస్తు వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. పది గంటలకు రమ్మన్నారు. పదకొండింటికి పెద్దాఫీసరు సంతకం పెడతాడన్నారు. పది కొట్టి ఐదు నిమిషాలయింది, పిలిచిన మనిషి ఇంకా రాలేదు. వీళ్ళకు వాన టైముకు కురవాలి, వీళ్ళు మాత్రం రారు. జలాశయం కింద వాగు మీద కొత్త వంతెన కడుతున్నారట, ఎత్తు ఎంత ఉండాలో తేల్చడానికి పాత వానల లెక్కలు తవ్వుతుంటే లెక్కలు చూసే అమ్మాయికి ఆ రోజు దొరికిందట. మీరు ఒకసారి వచ్చి ఒక కాగితం రాసిస్తే ఆ రీడింగును తిరిగి చేర్చవచ్చు అని ఉత్తరం రాసింది. ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివాడు. ఐదోసారి చదవబోతుంటే కూతురు లాక్కుని చదివి, నేను తీసుకెళ్తా నాన్నా, అమ్మ కొలిచిన అంకె నేను చూడాలి అంది. ఆమె జనానికి కారు నడపడం నేర్పే మనిషి, తండ్రి పక్కన కూర్చుంటే మాత్రం బ్రేకు ఆయన వైపు కూడా ఉంటే బాగుండునని గొణుగుతుంది, ఎందుకంటే దారి పొడుగునా అతను లేని బ్రేకు తొక్కుతూనే ఉంటాడు. ఇప్పుడు కిందికి బండి పెట్టడానికి వెళ్ళింది. ఆమె రాకపోతే బాగుండు. ఫైలు తెరిస్తే అందులో ఒక కాగితం ఉంటుంది. ఆ కాగితం సంగతి కూతురికి తెలియదు. చచ్చిపోయిన ఇంటావిడకీ తెలియదు. ఆ కాగితం అతని చేతిరాత.

ఎదురుగా గోడ నిండా బొమ్మలు తగిలించారు. అతను పనిచేసిన రోజుల్లో ఆ గోడకు ఒక గడియారం, మంటలార్పే ఎర్ర బకెట్టు ఒకటి ఉండేవి, బకెట్టులో ఇసుక కంటే బీడీ ముక్కలే ఎక్కువ. ఇప్పుడు మొదటిది కమ్మీల బొమ్మ, పన్నెండు నెలలకు పన్నెండు కమ్మీలు, వానాకాలపువి నాలుగూ తిని కూర్చున్నవాళ్ళలా బలిసి ఉన్నాయి, ఎండాకాలపువి చెక్కేసిన పెన్సిల్ ముక్కల్లా ఉన్నాయి. దాని పక్కన గుండ్రటిది, ఏడాది వానను ముక్కలు కోసి నెలకో రంగు వేశారు. ఆ పక్కన సోపాన చిత్రం, కమ్మీల మధ్య ఖాళీ లేకుండా మెట్లు మెట్లుగా దిగుతుంది, సున్నా నుంచి పది లోపు ఎన్ని రోజులు, పది నుంచి ఇరవై లోపు ఎన్ని రోజులు, అలా దిగుతూ దిగుతూ వంద దగ్గర నేలకు అంటుకుపోయింది. వంద దాటాక ఏమీ లేదు. తెల్ల కాగితం. ఆ తెల్లదనంలో బాగా కుడి పక్కకు, మూడువందల ముప్పై దగ్గర, ఒక్క రోజుకు సరిపడా పిసరంత కమ్మీ ఉండాలి. వీళ్ళు కాగితం పొదుపు చేశారు. అటెండరు టీ గ్లాసుల బుట్టతో పోతూ పోతూ ఆగాడు. “బొమ్మలు చూస్తున్నారా పెద్దాయనా? నాకైతే ఆ గుండ్రటిదొక్కటే అర్థమవుద్ది. మిగతావన్నీ మా ఆవిడ మొహంలాగే, చూస్తే ఏదో జరిగిందని తెలుస్తుంది, ఏం జరిగిందో తెలీదు.” అతను నవ్వలేదు. కాని నోటి చివర ఏదో కదిలింది, ఆ మాట తన ఇంటావిడ విని ఉంటే ఆ అటెండర్ని కూర్చోబెట్టి కమ్మీల బొమ్మ నుంచి, పెట్టెకు రెండు పక్కలా మీసాల్లాంటి గీతలుండే బొమ్మ దాకా అన్నీ నేర్పి పంపేది.

ఎందుకంటే ఆమెకు అన్నీ వచ్చు. ఉద్యోగంలో చేరినప్పుడు ఆఫీసు ఒక చిన్న పుస్తకం ఇచ్చింది, వానను కొలిచేవాళ్ళ కోసం, వెనక పది పేజీల్లో దత్తాంశం అంటే ఏమిటి, సగటు అంటే ఏమిటి అని. అతను ఊరి బళ్ళో ఏడో తరగతి దాకా చదివాడు, ఆమె ఐదు. రాత్రిళ్ళు అతను బయటికి చదివేవాడు, ఆమె వింటూ బట్టలు మడతపెట్టేది. అతను పరీక్ష కోసం చదివాడు. ఆమె ఆ మాటలను ఎత్తుకుపోయి ఇల్లంతా వాడింది. సగటు సంగతి ఆమెకు మొదటి వారంలోనే తేలిపోయింది. అతను కాఫీలో చక్కెర వేసుకోడు, ఆమె మూడు చెంచాలు వేసుకుంటుంది, ఒకసారి ఎవరింట్లోనో ఇద్దరికీ చెరి ఒకటిన్నర చెంచా వేసి ఇచ్చారు, ఇద్దరూ వాళ్ళ పూలకుండీలో పోసి వచ్చారు. దారిలో ఆమె అంది, సగటంటే ఇదన్నమాట, లెక్క సరిపోతుంది, ఎవరూ తాగలేరు. వ్యాప్తి అంటే అన్నిటికంటే పెద్దదానిలోంచి అన్నిటికంటే చిన్నదాన్ని తీసేయడం అని చదివినప్పుడు, మీ కోపానికి వ్యాప్తి సున్నా అండీ, పొద్దున ఎంతో సాయంత్రం అంతే అంది. ఎక్కువసార్లు వచ్చే విలువ బాహుళకం. పెరటి వెనక అతను చూసే వాన కొలత కేంద్రంలో వాన లేని రోజులే ఎక్కువ కాబట్టి అక్కడి బాహుళకం సున్నా. ఎండాకాలం పొద్దున ఎనిమిదిన్నరకు అతను చెప్పులేసుకుని, పుస్తకం చంకన పెట్టుకుని, పెరడు దాటి కంచె తలుపు తీసి, గరాటు ఎత్తి, ఎండిపోయిన సీసాలోకి చూసి సున్నా అని రాసి వచ్చేవాడు. సున్నా రాయడానికి చెప్పులెందుకండీ, కిటికీలోంచి రాసేయొచ్చుగా అనేది. లేదన్నది కూడా చూసే రాయాలి అనేవాడు. అది అతను జీవితంలో అన్న మాటల్లో కాస్త బాగున్నది. ఆమె దాన్ని కూడా వదల్లేదు. మీ మాటల బాహుళకం కూడా సున్నానే, రోజూ దగ్గరికొచ్చి చూస్తూనే ఉన్నాను అంది.

మధ్యగతం మాత్రం అతనిది. అది అతనికి పుస్తకం చెప్పక ముందే తెలుసు. ఊరి బళ్ళో పంతులు పిల్లల్ని ఎత్తు ప్రకారం వరసలో నిలబెట్టి, రెండు కొసల నుంచీ ఒక్కొక్కరిని కూర్చోబెట్టుకుంటూ వచ్చేవాడు, అటొకడు ఇటొకడు, అటొకడు ఇటొకడు, చివరికి నడుమ ఒక్కడు మిగిలేవాడు. పంతులు వాణ్ణి మధ్యగతం అనేవాడు, వాడే పలకలు పంచాలి. ప్రతి ఏడూ మిగిలింది ఇతనే. పొట్టివాళ్ళు పెరిగారు, పొడుగువాళ్ళు బడి మానేశారు, కొత్తవాళ్ళొచ్చారు, ఇతను మాత్రం నడుమే నిలబడ్డాడు. బళ్ళో అందరూ అతన్ని మధ్యగతం అనే పిలిచారు, ఇంటిపేరులా. పెళ్ళినాటికి ఆమె అతనికంటే నాలుగు వేళ్ళు పొడుగు. ఫోటో తీసేవాడు ఆమెను కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. నేను పొడుగని దాచేదేముంది, ఇద్దరిదీ కలిపి రెండుతో భాగించుకోమనండి అంది. అప్పటికి ఆమెకు సగటు అన్న మాట కూడా తెలియదు. ఫోటో ఇంట్లో ఉంది. అందులో అతను కాలివేళ్ళ మీద నిలబడ్డాడు. ఆ సంగతి ఫోటోలో తెలియదు, ఆమెకు తెలుసు, ఫోటో చూసినప్పుడల్లా అతని పాదాలు ఉండాల్సిన చోట ఫ్రేము మీద గోటితో కొట్టేది.

పది ఇరవై. ఇంకా పిలవలేదు. కూతురు బండి ఎక్కడ పెట్టిందో. వరండా చివర కిటికీలోంచి ఎండ బెంచీ కాలు దాకా వచ్చింది. ఆ రోజు ఎండ లేదు. ఆ రోజుకు ముందు నాలుగు రోజులుగా అతనికి జ్వరం, మంచం దిగితే గది తిరిగేది. రాత్రంతా రేకుల మీద చప్పుడు, తెల్లారేసరికి వంటింట్లో నీళ్ళు, గిన్నెలు వాటంతటవే గది మారుతున్నాయి. ఎనిమిది ఇరవైకి అతను లేచాడు, పడ్డాడు. నియమించిన మనిషి తప్ప ఇంకొకరు ఆ పరికరాన్ని ముట్టుకోకూడదు, పుస్తకం మొదటి పేజీలోనే పెద్దక్షరాలతో ఉంది. ఆమె పుస్తకం తీసుకుంది, పెన్సిల్ జడలో గుచ్చుకుంది, బట్టలుతికే ప్లాస్టిక్ తొట్టిని నెత్తిన బోర్లించుకుని వెళ్ళిపోయింది. అతను కిటికీ ఊచలు పట్టుకుని చూశాడు. నీలం తొట్టి కింద రెండు చేతులు, అంతే కనపడేది. సీసా నిండి, పొర్లి, బయటి డబ్బాలోకి దిగింది నీరు. కొలిచే గాజు గ్లాసు ఇరవై మిల్లీమీటర్లే పడుతుంది. గీత దాకా నింపడం, కంటి ఎత్తుకు లేపి చూడడం, పారబోయడం, పుస్తకంలో ఒక గీత గీయడం. తొట్టి కొంచెం వెనక్కి వాలేది, గ్లాసు పైకి లేచేది, తొట్టి నిటారుగా అయ్యేది, నీళ్ళు ఎగిరేవి. ఒకటి. రెండు. అతను పెదాలతో లెక్కపెట్టాడు. నాలుగు నిలువు గీతలు, ఐదోది వాటి మీద అడ్డంగా, అది ఒక కట్ట. మూడు కట్టలయ్యాయి. పదహారో గ్లాసు కూడా నిండింది. పదిహేడోది సగం దాటి ఆగింది, పదకొండు పాయింట్ ఆరు. ఆమె తిరిగొచ్చి తొట్టి తీసి, మొహం తుడుచుకోకుండానే, ఇవాళ మీ బాహుళకం చచ్చింది అంది. జ్వరంలో అతను నవ్విన నవ్వుకు దగ్గొచ్చి, దగ్గుకు కన్నీళ్ళొచ్చి, ఆమె వీపు రాస్తూ ఇంకా నవ్వించింది. మోకాలి లోతు నీళ్ళు. ఇద్దరూ మంచం మీద కాళ్ళు ముడుచుక్కూర్చున్నారు, కూతురు పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని మధ్యలో. అంత సంతోషంగా అతను మళ్ళీ ఎప్పుడూ ఉండలేదు. ఉన్నాడేమో, కొలవలేదు.

రోడ్డు తెగి తొమ్మిది రోజులకు తెరిచారు, పదో రోజు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ముందు గదిలో కూర్చుని పుస్తకం తిరగేశాడు. చుట్టూ ఉన్న మూడు కేంద్రాల్లో యాభై ఐదు, అరవై, డెబ్బై అన్నాడు. నీ దగ్గర మూడొందల ముప్పై ఒకటా, నువ్వే చెప్పు అన్నాడు. తర్వాత గీతల కట్టల మీద వేలు పెట్టాడు. నువ్వెప్పుడూ గీతలు గీయవే, ఎవరు తీశారు ఇది. లోపల ఆమె నేల తుడుస్తున్న చప్పుడు ఆగింది. ఇన్‌స్పెక్టరు మంచివాడే, అదే వచ్చిన చిక్కు, చెడ్డవాడైతే ఎదిరించేవాడేమో. గొంతు తగ్గించి, చూడు, వేరేవాళ్ళు ముట్టుకున్నారని నేను రాస్తే నీ ఉద్యోగం పోతుంది, లెక్క తప్పి ఉండవచ్చని నువ్వే రాసిస్తే ఆ రోజును ఖాళీ కింద తీసేసి నెల సగటుతో పూడ్చేస్తాం, ఎవరికీ నష్టం లేదు అన్నాడు. ఖాళీని సగటుతో పూడ్చడం అప్పటి వాడుక. అతను రాశాడు. ఈ తేదీ రీడింగు నమ్మదగినది కాదు, గ్లాసుల లెక్క తప్పి ఉండవచ్చు. రెండు వాక్యాలు కూడా కాదు, ఒకటే. సంతకం. ఇన్‌స్పెక్టరు అక్కడే ఎర్ర సిరాతో వేశాడు, ఏడు పాయింట్ నాలుగు. ఇన్‌స్పెక్టరు వెళ్ళాక ఆమె గుడ్డతో సహా వచ్చి నిలబడింది. ఏమన్నాడు అంది. ఆఫీసు కొట్టేసింది అన్నాడు. ఆమె కాసేపు చూసింది. ఎంత వేశారు అంది. చెప్పాడు. ఆమె నవ్వడం మొదలుపెట్టింది, గుమ్మంలో కూలబడి నవ్వింది, ఏడు పాయింట్ నాలుక్కి నేను పది రోజులుగా ఇల్లు తోడుతున్నానా అని.

అక్కణ్ణించి అది ఇంట్లో కొలత అయిపోయింది. గోడ కూలితే ఎన్ని ఇటుకలు పడ్డాయి అంటే ఏడు పాయింట్ నాలుగు. నలుగురొస్తామన్న వియ్యాలవారు వ్యాను దిగుతూనే ఉంటే, తలుపు చాటున అతని చెవిలో, ఏడు పాయింట్ నాలుగు మందండీ, కుర్చీలు తెండి. అతను ఆఫీసును తిట్టేవాడు, ఆమె ఆ సంఖ్య అని నవ్వేది, ఇద్దరూ ఒకే వైపు ఉన్నట్టు ఉండేది. అతను ఎవర్నీ వదలని మనిషి. పెన్షను కాగితం ఆలస్యం చేసిన గుమాస్తాను వదల్లేదు, వాడు చనిపోయాక కూడా వదల్లేదు. ఆమెకు ఎక్స్‌రే తీసి రేపు రమ్మన్నవాణ్ణి వదల్లేదు. ఆస్పత్రి లిఫ్టును వదల్లేదు. ఆరేళ్ళయింది ఆమె పోయి, ఆ వార్డు నంబరు ఎక్కడ కనిపించినా మొహం తిప్పుకుంటాడు. కాని ఆ వార్డులోనే ఒక మధ్యాహ్నం నర్సు వచ్చి, నొప్పి ఒకటి నుంచి పదిలో ఎంతుందమ్మా అనడిగింది. ఆమె కళ్ళు తెరిచి ముందు అతన్ని చూసింది, తర్వాత నర్సును చూసింది. ఏడు పాయింట్ నాలుగు అంది. నర్సు అట్ట మీద రాసుకుంటూ, ఇంత కచ్చితంగా చెప్పిన పేషెంటును నేను చూళ్ళేదండీ అంది. అంతే. అతను మంచం పట్టీ పట్టుకుని వంగిపోయాడు, ఆమెకు నవ్వితే కుట్లు నొప్పి, వద్దండీ వద్దండీ అంటూ నవ్వింది, పక్క మంచాలవాళ్ళు లేచి చూశారు. ఆమె నవ్వులన్నీ వరసగా రాసి పట్టిక వేస్తే, ఎన్ని చిన్నవి, ఎన్ని మధ్యరకం, ఎన్ని ఆపలేనివి అని కట్టలు కట్టుకుంటూ పోతే, మెట్లు ఎడం వైపు నేలకు అంటుకుని కుడి వైపుకు పోతూ పోతూ లేస్తాయి. ఆ గోడ మీద బొమ్మకు సరిగ్గా అద్దంలో బొమ్మ. ఎవరూ వేయలేదు. వేయవలసిన మనిషి తిట్టడంలో పడి వేయలేదు.

“బాబాయిగారూ, రండి రండి. కూర్చోబెట్టేశాను, ఏమనుకోకండి.” లెక్కల అమ్మాయి. కూతురి కంటే చిన్నది, చెవి మీద పెన్సిల్. వెనకాలే మెట్లెక్కి రొప్పుతూ కూతురు, బండి ఎక్కడో మూడు వీధుల అవతల పెట్టిందట, ఊరికి డ్రైవింగు నేర్పేదానికి చోటు దొరకలేదు. గదిలో కుర్చీలు రెండే, అమ్మాయి బల్ల అంచున కూర్చుంది. కంప్యూటరు తెర ఇటు తిప్పింది. అడ్డం గీత మీద వాన, నిలువు గీత మీద మర్నాటికి జలాశయంలో నీళ్ళు ఎంత లేచాయో, రోజుకో చుక్క, గేట్ల దగ్గర మనిషి రాసుకున్న పుస్తకంలోంచి తీశానండీ అంది. మీ ఇరవై ఎనిమిదేళ్ళు. పదివేల రెండువందల ఇరవై ఏడు చుక్కలు. చీమల బారులా ఏటవాలుగా పైకి పోతున్నాయి, వాన ఎక్కువైతే నీళ్ళు ఎక్కువ, చూస్తేనే తెలుస్తుంది. అన్నీ తన చేతివే. తను చూసి వచ్చిన సున్నాలన్నీ మూల మీద ఒకదాని మీద ఒకటి కూర్చుని ఒకే చుక్కలా ఉన్నాయి. అటు పైన ఎడం పక్క ఒక్కటే చుక్క, బారుకు దూరంగా, గాల్లో. అమ్మాయి దాని మీద పెన్సిల్ పెట్టింది. “ఏడు పాయింట్ నాలుగు వాన. నీళ్ళేమో మూడున్నర మీటర్లు లేచాయి. ఇదెలా కుదురుతుంది? నేను వారం రోజులు గేట్లాయన తాగి రాశాడనుకున్నాను. తర్వాత పాత పుస్తకం తెప్పించా. ఎర్ర సిరా కింద ఇంకో అంకె కనపడింది. ఇప్పుడు చూడండి.” ఏదో నొక్కింది. చుక్క కదిలింది. తెర మీద మిల్లీమీటర్లన్నీ దాటుకుంటూ కుడి వైపుకు పోయింది, వంద దాటింది, రెండువందలు దాటింది, అటు ఏమీ లేని చోటికి పోయింది, పోయి చీమల బారు పొడిగిస్తే ఎక్కడికొస్తుందో సరిగ్గా అక్కడ ఆగింది.

“మళ్ళీ చూపించమ్మా,” అన్నాడు.

చూపించింది. మళ్ళీ అన్నాడు. ఐదోసారికి కూతురు, “నాన్నా, అది సినిమా కాదు,” అంది, కాని ఆమె కూడా ముందుకు వంగే చూస్తోంది. తెర మీద చుక్క పోతున్నప్పుడల్లా అతనికి నీలం తొట్టి పెరడు దాటి పోతున్నట్టే ఉంది, చుక్క ఆగినప్పుడల్లా అరికాళ్ళ నుంచి ఏదో లేచి గొంతు దాకా వస్తోంది, దానికి కొలత లేదు, గ్లాసులు చాలవు. మేఘం మీ లోయ మీదే ఆగిందండీ, పక్క కేంద్రాలు కొండకు అవతల, వాళ్ళు కొలిచిందీ నిజమే, మీరు కొలిచిందీ నిజమే, దూరంగా ఉన్న విలువ అంటే తప్పు విలువ అని అర్థం కాదు కదా అంటోంది అమ్మాయి. మా అమ్మ కొలిచింది అంది కూతురు. అవును, ఆవిడే అంది అమ్మాయి, అని ఫైలు దగ్గరికి లాక్కుంది. పదకొండుకు పన్నెండు నిమిషాలుంది. పరిశీలకుడి, అంటే మీ, కాగితంతో తీసేసిన రీడింగును పరిశీలకుడి కాగితంతోనే పెట్టాలి, రూలు అది, అందుకే మిమ్మల్ని ఇంత దూరం రప్పించాను అంటూ ఒక పసుపుపచ్చని కాగితం తీసి, అతని వైపు కాకుండా ఇద్దరి మధ్యా పెట్టింది. చెడు ఉద్దేశంతో కాదు. బల్ల చిన్నది.

కూతురు బయటికే చదివింది. గ్లాసుల లెక్క తప్పి ఉండవచ్చు అన్న దగ్గర ఆగింది. సంతకం చూసింది. అతను ఫ్యాను చూశాడు. ఫ్యానుకు మూడు రెక్కలు. అమ్మాయి చెవి మీద పెన్సిల్ సర్దుకుంది.

“ఇది నువ్వు రాశావా?”

“నేనే.”

“ఆఫీసువాళ్ళు కొట్టేశారన్నావు. ఇరవయ్యేళ్ళుగా అంటున్నావు. మా ఆయనకు నా పేరు తెలియకముందే ఈ సంగతి తెలుసు.”

పందొమ్మిది అనబోయి ఊరుకున్నాడు. ఏం చెప్పినా అది ఉద్యోగం కోసం అనే వస్తుంది, ఉద్యోగం మీ కోసం అని వస్తుంది, అది నిజమే గాని ఆ నిజం ఇక్కడ పూడ్చడానికి వాడే సగటులాంటిది. కిటికీ దగ్గర నిలబడి పదహారు దాకా లెక్కపెట్టాడు. తెలిసీ రాశాడు. కూతురు కుర్చీ కొంచెం వెనక్కి జరిపింది, ఎంతో కాదు, నాలుగు వేళ్ళు. ఆ నాలుగు వేళ్ళు అతనికి ఆ గదిలో అన్నిటికంటే పెద్ద కొలత అయ్యాయి.

“దాని వెనక ఇంకోటుందండీ,” అంది లెక్కల అమ్మాయి. “నెల తర్వాత వచ్చింది. ఇక్కడివాళ్ళు దీనికే పిన్ను చేసి పడేశారు. జవాబిచ్చినట్టు లేదు.”

నోటుపుస్తకం కాగితం, అంచు చేత్తో చింపింది. అక్షరాలు గుండ్రంగా, పెద్దవిగా, గీత దాటిపోతూ. అతను ముట్టుకోలేదు. కూతురే తీసింది. ఈసారి బయటికి చదవడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది.

“అయ్యా, ఆ తేదీ రీడింగు తీసింది నేను. పదహారు నిండు గ్లాసులు, పదిహేడోది పదకొండు పాయింట్ ఆరు. కిటికీలోంచి మా ఆయన కూడా లెక్కపెట్టారు, ఆయన పెదాలు కదలడం చూశాను. లెక్క తప్పిందని ఆయన రాసింది జ్వరంతో కాదు, భయంతో. మీ ఇన్‌స్పెక్టరుగారు గొంతు తగ్గించినా మా గోడ పలచన. మా ఆయన్ని మీరేమీ అనొద్దు. అనవలసింది ఇంట్లో నేను అంటున్నాను. నా అంకె తిరిగి వేస్తే వేయండి, లేకపోతే మానండి. ఆ ఏడు పాయింట్ నాలుగు మాత్రం తీసేసి ఖాళీగా ఉంచండి. ఖాళీ అబద్ధం చెప్పదు.”

ఫ్యాను తిరుగుతోంది. ఇంట్లో నేను అంటున్నాను. అంది. పదమూడేళ్ళు అంది. ఇటుకలు పడ్డప్పుడు అంది, వ్యాను దిగినప్పుడు అంది, గుమ్మంలో కూలబడి మొదటిసారి అన్నప్పుడే తెలిసి అంది, తను ఆఫీసును తిడుతున్నంతసేపూ పక్కన నిలబడి ఆఫీసు వైపు కాదు తన వైపు చూసి అంది, ఒకటి నుంచి పదిలో ఎంత అని నర్సు అడిగితే ముందు తనను చూసి అంది. ప్రతిసారీ తననే. ప్రతిసారీ తను నవ్వాడు. నాలుగు నిలువు గీతలు, ఒక అడ్డగీత, కట్టలు కట్టలు, ఎన్ని వందలో, ఒక్క గీతలోనూ విషం లేదు. ఇంత పొడుగు తిట్టును ఇంత తేలిగ్గా ఎవరైనా తిడతారా, తిట్టించుకున్నవాడికి తెలియకుండా, కడుపు పట్టుకుని నవ్వేలా. గొంతు దాకా వచ్చి ఆగినది ఇప్పుడు పొర్లింది, బయటి డబ్బాలోకి దిగింది. అతను నవ్వుతున్నాడు. భుజాలు ఊగుతున్నాయి, ఏడుస్తున్నాడనుకుని అమ్మాయి నీళ్ళ గ్లాసు జరిపింది, కూతురు ఒక్క క్షణం చూసింది, చూసి, “మా గోడ పలచన,” అని తనూ మొదలుపెట్టింది, కుర్చీ ముందుకు లాక్కుని అతని మోకాలి మీద తల పెట్టి, “నిన్ను పదమూడేళ్ళు ఉతికింది నాన్నా,” అంటూ. అటెండరు టీ తెచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. “ఏమైంది, ఎవరికైనా లాటరీ తగిలిందా?”

పదకొండుకు నాలుగు నిమిషాలు. తెల్ల కాగితం ఇచ్చారు. అతను రాశాడు. ఆ తేదీ రీడింగు సరైనది. తీసింది నా భార్య. పదహారు గ్లాసులు, ఒక ముక్క. నేను చూశాను. ఇంతకుముందు నేను రాసింది తెలిసి రాసిన అబద్ధం. సంతకం పెట్టాడు. లెక్కల అమ్మాయి పెద్ద పుస్తకం తెరిచి, ఎర్ర సిరా మీద గీత కొట్టి, పక్కన 331.6 అని వేసింది. కొలిచినవారు అన్న చోట పరిశీలకుడి భార్య అని రాసింది. చివరి గడి దగ్గర పెన్ను ఆపింది. “దిద్దుబాటుకు కారణం అని ఉందండీ. ఆఫీసు పొరపాటు అని రాసేస్తాను. అందరం అదే రాస్తాం. ఎవరికీ ఇబ్బంది ఉండదు.”

ఎంతకాలం అడిగాడు ఆ మాట, ఎంతమందిని పట్టుకుని. ఇప్పుడు ఒక ఆఫీసు, సీలూ సంతకంతో, ఉచితంగా ఇస్తోంది. కూతురు అతని మొహంలోకి చూస్తోంది.

“పరిశీలకుడి అబద్ధం అని రాయమ్మా.”

“బాబాయిగారూ, అది శాశ్వతంగా ఉండిపోతుంది.”

“అందుకే.”

రాసింది. పెద్దాఫీసరు వచ్చి చదవకుండానే సంతకం పెట్టాడు. వంతెన ఇంకో మీటరున్నర లేపాలి అని ఎవరితోనో ఫోన్లో విసుక్కుంటూ వెళ్ళిపోయాడు.

మూడు వీధుల అవతల దాకా ఎండలో నడిచారు. అతనికి నడక తేలిగ్గా ఉంది. కూతురు రెండుసార్లు నవ్వాపుకుంది, ఒకసారి కళ్ళు తుడుచుకుంది. బండి దగ్గర తాళం తీస్తూ, “ఒకటి అడగనా నాన్నా?” అంది.

“అడక్కు. ఏం రాయాలో రాశాను. ఈ సంగతి ఇక నా నోట రాదు.”

రాలేదు.